లోపలి అంచు

సూరత్ పక్కన హజీరా ఫ్యాక్టరీలో నా డ్యూటీ పొద్దున్నే మొదలవుతుంది. కంపెనీ బస్సు మేముండే పాల్ పేటలో మా సందు చివరికే వస్తుంది. ఏళ్ల తరబడి కిటికీకి తల ఆనించి సగం నిద్రలో అందులోనే పోయివచ్చాను. ఒక వేసవిలో ఆ బస్సెక్కడం మానేశాను. అందుకు కారణం ఒక కారు.

నా చేతికి వచ్చేనాటికే దాన్ని వేరొకరు తనివితీరా నడిపారు. వరాఛా వైపు ఒక వజ్రాల వ్యాపారి కొడుకు ముచ్చటపడి తెప్పించుకున్నాడు. తర్వాత ఇంకో బండి మీద మనసు పడి దీన్ని వదిలేశాడు. వాన పడబోయే ముందు ఆకాశానికి ఉండే రంగు దానిది. ఇంజను బలమంతా వెనక చక్రాలకే. అతను స్ప్రింగులు మార్పించి కారును మామూలు కంటే బాగా కిందికి దించాడు, వెడల్పాటి టైర్లు వేయించాడు. వెనక నుంచి చూస్తే రెండు చక్రాల పైభాగాలు కొంచెం లోపలికి వాలి, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డ పహిల్వానులా ఉండేది. నిజం చెప్పాలంటే ఆ వాలు చూసే నేను దాన్ని కొన్నాను.

ఇచ్ఛాపోర్ దాటాక రోడ్డు విశాలమవుతుంది. ఆ వేళకి లారీలు పక్కన ఆపుకుని డ్రైవర్లు పళ్లు తోముకుంటూ ఉంటారు. దూరంగా ఫ్యాక్టరీ గొట్టాల మీద ఎర్రదీపాలు ఇంకా వెలుగుతుంటాయి, ఆకాశం అప్పటికే తెల్లబడుతుంటుంది. ఆ రెండు వెలుగుల మధ్య కారు పోతుంటే నడుపుతున్నానో, కల కంటున్నానో నాకే తెలిసేది కాదు. కాలు కాస్త ఆనిస్తే చాలు, వీపును ఎవరో అరచేత్తో మెత్తగా నెట్టినట్టుండేది. మలుపు వస్తే నేను తిప్పకముందే కారు తిరగాలనుకున్నట్టుండేది. ప్లాంటు గేటు దగ్గర ఆగి ఇంజను ఆపాక, కాసేపు చేతులు స్టీరింగు మీదే ఉంచి కూర్చునేదాన్ని. లోపల నాకోసం పంపులు, వాల్వులు, వాటి గురించి మాట్లాడుకునే మనుషులు ఎదురుచూస్తుండేవారు. వాళ్ల మధ్యకి వెళ్లడానికి కొంచెం సమయం పట్టేది.

ఆదివారాలు మా బాపు కూడా వచ్చేవాడు. అమ్మ పోయాక ఇంట్లో మేమిద్దరమే. బాపు జీవితమంతా మరమగ్గాల మీదే గడిచింది. మరమగ్గాలను మేం సాంచాలంటాం. సిరిసిల్ల వైపు నుంచి కుర్రతనంలోనే సూరత్ వచ్చి లింబాయత్‌లో సాంచాలు నడిపాడు. నేను పుట్టి పెరిగింది ఆ సందుల్లోనే. మా గోడకు అవతలే కార్ఖానా ఉండేది. ఆ చప్పుడులో పుట్టిన పిల్లలకు ఒక అలవాటుంటుంది. ఎంత పెద్ద చప్పుడైనా, ఆగకుండా ఉంటే, కాసేపటికి మా చెవులు దాన్ని లెక్కచేయవు.

బాపు మొదటిసారి కారెక్కినప్పుడు ఒక చెయ్యి తలుపు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసి, నుయ్యిలోకి దిగుతున్నట్టు దిగాడు. తాపీ వంతెన దాటేసరికి నిద్రపోయాడు. మామూలుగా ఎవరి బండెక్కినా రెప్ప వాల్చని మనిషి. మేలుకున్నాక అడిగాను.

"ఏంది బాపు, కార్ల గంత నిద్రవోయినవు?"

"సాంచ పక్కన పండుకున్నట్టే ఉన్నది బిడ్డా. గుయ్యిమని ఒక్క తీరుగ వస్తుంది సప్పుడు. ఏడికెల్లి వస్తుంది అది?"

"రోడ్డు సప్పుడు."

"మంచిగున్నది," అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

అది రోడ్డు చప్పుడు కాదు. ఆ సంగతి నాకు తెలియడానికి చాలా నెలలు పట్టింది. వేసవిలో సన్నగా ఉన్న ఆ గుయ్యి వానాకాలానికి ముదిరింది. దీపావళి వచ్చేసరికి, కారులో ఫోను మాట్లాడుతుంటే అవతలివాళ్లు "ఏ మిషను దగ్గరున్నావు" అని అడిగేవారు. నాకు మాత్రం వినపడేది కాదు. వారం వారం బాపు ఆ జోలలో హాయిగా నిద్రపోయేవాడు. పొలాలు, ఇటుక బట్టీలు, రొయ్యల చెరువులు పక్కనుంచి జారిపోతుండేవి. ఇంతకంటే ఏం కావాలి అనుకునేదాన్ని.

పండగ వెళ్లాక ఒక పొద్దున అకాలంగా చినుకులు పడ్డాయి. రోడ్డు పూర్తిగా తడవలేదు, దుమ్ము మీద పలచగా జిడ్డు తేలింది. హజీరా దారిలో ఒక వంతెన దిగుతూ ఎడమకు తిరిగే వంపు ఒకటుంది. రోజూ తిరిగే వంపే, రోజూ పోయే వేగమే. ఆ రోజు కారు వెనక భాగం నా మాట వినడం మానేసింది. చాలా నెమ్మదిగా, పడవ ఒడ్డు వదిలినట్టు, వెనక చక్రాలు పక్కకు తేలిపోయాయి. అద్దంలో ఎదురుగా రావాల్సిన రోడ్డు పక్కనుంచి వచ్చింది. ఒక వేపచెట్టు, టీ బండి మీది నీలం పరదా, కప్పు చేతిలో పట్టుకుని నిలబడ్డ ఒక ముసలాయన మొహం, అన్నీ ఒకదాని వెనక ఒకటి నా ముందు నుంచి మెల్లగా తిరిగిపోయాయి. భయం వెయ్యలేదు. భయపడే వేళ వచ్చేసరికి కారు వచ్చిన దారికే మొహం పెట్టి నిలబడిపోయింది. దేనికీ తగల్లేదు. ముసలాయన కప్పు కింద పెట్టి వచ్చి, కిటికీలోంచి నన్ను చూసి, గుజరాతీలో "నీళ్లు తాగుతావా అమ్మా" అని అడిగాడు. తలూపి, అప్పుడు ఇంజను ఆపాను.

ఆ సాయంత్రం ఉధనా వైపు ఒక టైర్ల దుకాణానికి తీసుకెళ్లాను. అలైన్‌మెంట్ చేసే ఆయనకు నలభై దాటి ఉంటాయి. నాతో హిందీలో మాట్లాడాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "టైర్లు బాగానే ఉన్నాయి కదా మేడమ్" అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. పైనుంచి చూస్తే గాడులు లోతుగానే కనపడుతున్నాయి. ఈలోగా బాపు ఫోను చేశాడు. "గంటల వస్తా, నువ్వు తిను బాపు" అని చెప్పి పెట్టేశాను. దుకాణం ఆయన నావైపు తిరిగి చూస్తున్నాడు.

"తెలుగోళ్లా? ఏ ఊరు?"

"లింబాయత్," అన్నాను. అది విని నవ్వాడు. ఆయన ఇల్లు సూరత్‌లోనే కోసాడ్ కాలనీలో. వాళ్ల నాయన కూడా సాంచాల మీదే పనిచేశాడట. అక్కడి నుంచి నేను మేడమ్ కాదు, చెల్లెను.

కారును లిఫ్టు మీదికెక్కించి పైకి లేపాడు. కిందికి వెళ్లి దీపాన్ని వెనక చక్రాల వైపు తిప్పాడు.

"ఇటు రా చెల్లె. చూస్తెగని నమ్మవు."

వెళ్లి చూశాను. వెనక టైర్ల లోపలి అంచు, బయట నిలబడ్డ మనిషికి ఎప్పుడూ కనపడని వైపు, గుండులా నున్నగా అయిపోయింది. ఒకచోట రబ్బరు కూడా పోయి, కింది తీగలు బయటపడి సన్నగా మెరుస్తున్నాయి. అదే టైరు బయటి అంచు దాదాపు కొత్తది. ఒకే టైరులో ఒక వైపు బతికి ఉంది, ఇంకో వైపు అయిపోయింది.

"ఇగ రెండు దినాలు నడిపితె పేలిపోతుండె," అన్నాడు.

"ఎందుకయితది గిట్ల?"

"కారును కిందికి దించిండ్రు గద, దాంతోని చక్రం మీది భాగం లోపలికి వంగింది. రేసులు కొట్టెటోళ్లు కావాలనే గట్ల పెట్టుకుంటరు. మలుపుల పట్టు మంచిగుంటది. గని తిన్నటి రోడ్డు మీద బరువంత లోపలి అంచు మీదనే పడ్తది. గది ఒక్కటే అయితె ఇంత అరగదు. నీ కారుకు ఇంకోటి ఉన్నది." తన రెండు పాదాలను మడమలు దగ్గరగా, వేళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. "చక్రాలు రెండు గిట్ల బయటికి మొకం పెట్టి ఉన్నయి. కారు ముందలికి పోతది, చక్రాలేమో చెరొక దిక్కు పోదామంటయి. రోడ్డు మీద రాసుకుంట, రాసుకుంట పోతయి. లోపల చక్రాన్ని కదలకుండ పట్టే రబ్బరు బుష్ ఒకటి గూడ పోయింది."

తర్వాత నన్ను కళ్లు మూసుకోమన్నాడు. నా చెయ్యి పట్టుకుని టైరు మీద పెట్టించి, ఒకవైపుకు నిమరమన్నాడు. పిల్లి వీపులా మెత్తగా ఉంది. "ఇప్పుడు ఇటు నిమురు." ఎదురు దిక్కుకు నిమిరితే రంపపు పళ్లలా వేళ్లకు గుచ్చుకుంది. కంటికి కనపడనంత చిన్న పళ్లు. "నీ సప్పుడు గిదే," అన్నాడు. గుయ్యిమని బాపును నిద్రపుచ్చింది ఆ పళ్లే.

కారు అక్కడే వదిలి వచ్చాను. కొత్త టైర్లు, పాత ఎత్తు స్ప్రింగులు, బుష్‌లు బయటి నుంచి రావాలి. కొన్ని వారాలు పడుతుందన్నాడు. మళ్లీ కంపెనీ బస్సెక్కాను. నా కిటికీ సీటు నాకిచ్చేశారు, ఎవరూ ఏమీ అడగలేదు.

బాపుకు లింబాయత్ వెళ్లే అలవాటు పోలేదు. పాల్‌లో ఫ్లాటుకు మారాక కూడా వారంలో చాలా రోజులు షేర్ రిక్షాలు మారి అక్కడికి పోయేవాడు. తను పనిచేసిన కార్ఖానాలో కూర్చుని, పాతవాళ్లతో చాయ్ తాగి, ఎవరికైనా దారాలు తెగితే ముడేసి వచ్చేవాడు. కారు లేని ఆ ఆదివారం నేనూ వెంట వెళ్లాను. రిక్షా పెద్దరోడ్డు మీద దించింది. సందులో ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు లేక నేను వెనక నడిచాను.

చాలా ఏళ్ల తర్వాత బాపు వెనక నడవడం. మామూలుగా కారులో పక్కన కూర్చుంటాడు, ఇంట్లో ఎదురుగా కూర్చుంటాడు. వెనకనుంచి చూడటం నాకు కొత్త. రెండు వైపులా సాంచాలు టకటకలాడుతున్నాయి. ఆ చప్పుడు నా చెవుల్లోంచి ఎప్పట్లాగే మాయమైంది. అది మాయమయ్యాక దాని అడుగున ఇంకో చప్పుడు మిగిలింది. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు, ఒక ఈడ్పు. కుడికాలి చెప్పు నేలను రాసుకుంటూ వస్తోంది.

కార్ఖానా గడప దగ్గర ఆయన చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. నేను అక్కడే కూర్చుని వాటిని చేతిలోకి తీసుకున్నాను. ఒకే జత, ఒకే రోజు నేనే కొనిచ్చాను. ఎడమది బాగానే ఉంది. కుడిదాని కొస, బొటనవేలి కింద, అరిగి అరిగి కాగితమంత పలచనైంది. అరచేత్తో నిమిరాను. ఆ దుకాణంలో ఆయన చూపించినట్టు ముందు ఒక వైపుకు, తర్వాత ఎదురు వైపుకు. సందులో పోయేవాళ్లు చెప్పు నిమురుతున్న నన్ను వింతగా చూశారు.

ఇంటికి వచ్చాక అన్నం తిని బాపు బాల్కనీలో కూర్చున్నాడు. శీతాకాలపు ఎండ పలచగా ఉంది. నేను చెప్పు తెచ్చి ముందు పెట్టాను.

"ఏంది ఇది బాపు?"

"చెప్పు."

"గట్ల కాదు. కాలు ఈడుస్తున్నవు. ఎప్పటిసంది?"

"రోడ్డు మంచిగ లేదు బిడ్డా అక్కడ."

"రోడ్డు మంచిగ లేకపోతె రెండు చెప్పులు అరగాలె గద."

ఆయన ఆ చెప్పును కాలితో పక్కకు జరిపాడు. కింద ఎవరో కూరగాయల బండివాడు అరుస్తూ పోయాడు. 

"ఇంకేమన్న ఉన్నదా?" అని అడిగాను.

బాపు లుంగీ అంచులోంచి ఒక పోగు లాగాడు. దాన్ని పంటితో రెండు ముక్కలు చేశాడు. తెగిన దారాలు కలిపే ముడి సాంచాల మనిషికి ఊపిరి లాంటిది. చిన్నప్పుడు ఆయన నాతో మాట్లాడుతూ, దారం వైపు చూడకుండా, చిటికేసేంతలో ఆ ముడి వేయడం చూశాను. వేళ్ల మధ్య ఏదో మెరిసి పోయేది, అంతే. ఇప్పుడు ఆయన రెండు కొసలూ కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. ఒక కొస మీదుగా రెండోది పోనిచ్చాడు. అది జారింది. మళ్లీ పట్టుకున్నాడు. బొటనవేలు దానికి ఆనలేదు. పోగు గాలికి ఎగిరి బాల్కనీ కడ్డీల్లోంచి బయటికి పోయింది.

"ముడి పడ్తలేదు బిడ్డా," అన్నాడు. "వానలకాడికెల్లి గిట్లనే. అంగి గుండీలు గూడ పెట్టుకొస్తలేవు."

"మరి కార్ఖానకు పోయి ఏం చేస్తున్నవు?"

"ఊకెనే కూసుంటున్న. ముడెయ్యమని ఎవలన్న పిలుస్తె కండ్లు కనవడ్తలెవ్వు అంటున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నీ డ్యూటీ ఇడిసిపెట్టి దవాఖాండ్ల పొంటి తిరుగుతవు. ముసలితనమే గద, వస్తది."

నాకు కోపం రావాలి. రాలేదు. అన్ని ఆదివారాలు నా పక్కనే కూర్చున్న మనిషి. చక్కగా నిద్రపోతున్నాడని సంతోషపడ్డాను. గుండీల చొక్కా మాని పైనుంచి తొడుక్కునే బనియన్ల మీదే ఎందుకు వస్తున్నాడని ఒక్కసారైనా నాకు తోచలేదు. ఆయన చేతివేళ్లు నా చేతుల్లోకి తీసుకున్నాను. చల్లగా ఉన్నాయి. గిల్లితే, "తెలుస్తుంది, జర దూరంకెల్లి తెలుస్తుంది," అన్నాడు.

డాక్టరు మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూశాడు. కాలు ఎగిరిన తీరు చూసి ఆయన మొహం మారింది. మెడకు స్కాన్ తీయించాడు. తెర మీద బొమ్మ పెట్టి నాకు చూపించాడు. తెల్లటి తాడులాంటిది పైనుంచి దిగుతూ, మెడ మధ్యలో ఒకచోట నొక్కుకుపోయి సన్నబడింది. వెన్నుపాము అది. ఎముకలు పెరిగి, వాటి మధ్య డిస్కులు ఉబ్బి దాన్ని వత్తుతున్నాయి. నొప్పి ఉండకపోవచ్చు, అందుకే చాలామంది ఆలస్యంగా వస్తారని చెప్పాడు. ఇలాగే వదిలేస్తే నడక పోతుంది. ఆపరేషన్ చేస్తే ఇంకా చెడకుండా ఆపొచ్చు. పోయినదాంట్లో ఎంత తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఎలా కనిపెట్టారని అడిగాడు. చెప్పు అరిగింది అన్నాను. ఆయన తలూపి, రాసుకున్నాడు.

ఆపరేషన్ అంటే బాపు ఒప్పుకోడనుకున్నాను. ఆయన ఒక్కటే ప్రశ్న అడిగాడు. "మెడ కోస్తె గొంతు పోతదా?" పోదని డాక్టరు చెప్పాడు. "అయితె కానియ్యుండ్రి," అన్నాడు. మళ్లీ నావైపు తిరిగి, మెల్లగా, "నువ్వు దగ్గరుంటవు గద," అన్నాడు. నా జ్ఞాపకంలో బాపు నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి.

ఆ రోజులు నాకు విడివిడిగా గుర్తులేవు. ఆసుపత్రి వరండాలో ఒక అక్వేరియం ఉండేది. అందులో ఒక నారింజరంగు చేప ఎప్పుడూ ఒకే మూల నిలబడి రెక్కలు ఆడించేది. దాన్ని చూస్తూ గడిపిన పొద్దులన్నీ కలిసి ఒకే పొద్దుగా మిగిలాయి. ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పినప్పుడు కూడా నేను ఆ చేపనే చూస్తున్నాను. లోపలికి వెళ్తే బాపు మెడకు పట్టీతో, కళ్లు తెరిచి, కప్పు వైపు చూస్తూ ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పటి మీద ఉంది. బొటనవేలు, చూపుడువేలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు కదులుతున్నాయి. లేని దారం పట్టుకుని చూస్తున్నాడు.

బాపును ఇంటికి పంపే ముందురోజు టైర్ల దుకాణం ఆయన ఫోను చేశాడు. సామాను వచ్చింది, బిగించేశాను, ఇక అలైన్‌మెంట్ ఒక్కటే మిగిలింది, నువ్వుంటేనే చేస్తాను అన్నాడు. బాపు దగ్గర నర్సు ఉంది. "పోయి రా," అన్నాడు బాపు. "నేనేడికి పోత."

అప్పటికి ఉత్తరాయణం, గుజరాత్‌లో గాలిపటాల పండగ, దగ్గరపడుతోంది. రోడ్డు పక్కన గాలిపటాల దారానికి రంగు పూస్తున్నారు. గుంజల మధ్య బారులు తీరిన గులాబీరంగు దారం ఎండలో ఆరుతోంది.

"నువ్వు స్టీరింగు కాడ కూసో," అన్నాడు ఆయన. "గిసుంటి కారుకు నడిపే మనిషి బరువు గూడ లెక్కే. ఖాళీ బండికి సరిజేస్తె, నువ్వు కూసున్నంక మల్ల తప్పుతది."

కూర్చున్నాను. కారు నాతో సహా నెమ్మదిగా పైకి లేచింది. మనిషంత ఎత్తున ఆగింది. నాలుగు చక్రాలకు నాలుగు పలకలు తగిలించాడు. ఎదురుగా ఉన్న కెమెరాలు వాటిని చూసి తెర మీద అంకెలు చూపిస్తాయి. అన్నీ ఎర్రగా ఉన్నాయి. స్టీరింగు కదలకుండా కర్ర పెట్టాడు.

"ముందుగాల వెనక చక్రాలు," అన్నాడు కింది నుంచి. "అవి తిన్నగుంటెనే ముందరియి ఏడికి చూడాల్నో తెలుస్తది. చెల్లె, ఒకటి అడుగుత. రేసు లెక్క పెట్టాల్నా, రోడ్డు లెక్క పెట్టాల్నా? రేసు లెక్క పెడ్తె మలుపుల మజా ఉంటది, టైర్లు మల్ల తింటది. రోడ్డు లెక్క పెడ్తె టైర్లు బతుకుతయి, గని ఆ మజా జర తగ్గుతది."

 ఆ మలుపులు, తెల్లవారే ఆ రోడ్డు, నేను తిప్పకముందే తిరిగే కారు కళ్లముందు తిరిగాయి. "రోడ్డు లెక్కనే పెట్టు అన్నా," అన్నాను. "జరంత మజా ఉంచు."

"ఉంచుత. కదలకు."

పైనుంచి చూస్తే దుకాణం గోడ అవతల గులాబీరంగు దారాలు కనపడుతున్నాయి. వాటి మధ్య ఒకతను రెండు చేతులతో రంగు పట్టుకుని ముందుకీ వెనక్కీ నడుస్తున్నాడు. కింద ఎక్కడో పానా బోల్టును తిప్పుతోంది. తెర మీద ఒక అంకె వణికి, ఎరుపులోంచి పచ్చలోకి జారింది. ఇంకోటి జారింది. ఆసుపత్రిలో ఇన్ని రోజులు నేను సరిగ్గా నిద్రపోలేదు. నేల మీద లేను, ఆకాశంలో లేను, ఎవరూ నన్ను కదలనివ్వరు. కళ్లు మూతపడ్డాయి.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలింది. కారు ఇంకా పైనే ఉంది. ఆయన స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"ఎప్పుడో అయిపోయింది," అన్నాడు. "నిద్రవోతున్నవు గద అని దించలే."

మర్నాడు బాపును అదే కారులో ఇంటికి తెచ్చాను. చప్పుడు లేదు. అంత కొత్త నిశ్శబ్దంలో ఇండికేటర్ టిక్కుటిక్కు కూడా పెద్దగా వినపడింది. మెడపట్టీతో బాపు నిటారుగా కూర్చుని రోడ్డంతా చూస్తూ వచ్చాడు. రోడ్డు పక్కన వేయించిన పచ్చి జొన్న గింజలు అమ్ముతున్నారు, సూరత్‌వాళ్ల పోంక్. "ఊచబియ్యం," అన్నాడు బాపు, తన ఊరి మాటలో. ఆపి కొన్నాను. ఒక్కో గింజే వేళ్లతో తీసుకుని తినడానికి ఆయనకు ఇల్లు చేరేదాకా పట్టింది. కొన్ని ఒళ్లో పడ్డాయి, చాలావరకు నోటికి చేరాయి.

నా సంగతి కూడా చెప్పాలి. కారు మారిపోయింది. స్టీరింగు వదిలేసినా గీత గీసినట్టు తిన్నగా పోతుంది. మలుపుల్లో ముందులాగా ఉరకదు, చెప్తేనే తిరుగుతుంది. కొన్నాళ్లు పాత స్నేహితురాలు పెళ్లయ్యాక కలిసినట్టనిపించి దిగులేసింది. ఆ దిగులు ఎప్పుడు పోయిందో తెలియదు.

బాపు నడక వారాల మీద కుదురుకుంది. పూర్తిగా కాదు. అలిసిపోతే కుడికాలు ఇప్పటికీ వెనకపడుతుంది. గుండీలు పెట్టుకుంటాడు, పై గుండీ తప్ప. వేళ్లకు పని చెప్పమన్నారని ఫిజియోథెరపిస్టు ఇచ్చిన రబ్బరు బంతిని రెండు రోజులు నొక్కి పక్కన పడేశాడు. ఎండలు ముదరకముందు ఒక పొద్దున సువాలీ సముద్రం వైపు వెళ్తుంటే, ఉన్నట్టుండి అన్నాడు.

"నీ స్టీరింగు జర పట్టుకోనియ్యి బిడ్డా. గా బంతి కంటె గిది నయముంటది."

బాపు జన్మలో సైకిలు తప్ప ఏదీ నడపలేదు. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను. రోడ్డు దిగితే పెద్ద చవుడు మైదానం ఉంది. ఎండి గట్టిపడి, ఉప్పు పేరి తెల్లగా, కనుచూపుమేర ఏమీ లేకుండా ఉంటుంది. మెల్లగా అందులోకి దింపి, సీట్లు మారాం. గేర్లు మార్చే పని లేని కారు. బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, నడక వేగంతో తనే కదులుతుంది. బ్రేకు చూపించాను. ఆయన కుడికాలితో రెండు మూడుసార్లు నొక్కి చూశాడు. నేను చేతిబ్రేకు మీద చెయ్యి ఉంచాను.

"ఇడ్వాల్నా?"

"ఇడువు."

కారు కదిలింది. బాపు రెండు చేతులూ స్టీరింగు మీద బిగించి, ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. ఎదురుగా తెల్లటి నేల, దాని చివర ఎక్కడో పొగమంచులో కలిసిపోయిన సముద్రం. చాలాసేపు తిన్నగా పోయాం. చక్రాల కింద ఉప్పు పెళుసుగా విరుగుతోంది. దూరాన నీటి పక్షులు కొన్ని లేచి, మేం వచ్చేది ఇంత నెమ్మదిగానా అని చూసి, మళ్లీ వాలాయి.

"ఇగ తిప్పాల్నా?"

"నీ ఇష్టం బాపు. ఇక్కడ ఎటైనా పోవచ్చు."

తిప్పాడు. ఒక చెయ్యి కింద నుంచి ఒక చెయ్యి తీసి, మళ్లీ పట్టుకుని, ఒకసారి వేళ్లు జారితే మళ్లీ పట్టుకున్నాడు. కారు పెద్ద వలయంలో తిరగడం మొదలుపెట్టింది. సముద్రం పక్కకు పోయి ఫ్యాక్టరీ గొట్టాలు వచ్చాయి, అవి పోయి రోడ్డు వచ్చింది, మళ్లీ సముద్రం వచ్చింది. ఆయన పెదవులు కొద్దిగా విచ్చుకున్నాయి.

"ఆపుడెట్ల?" అన్నాడు కొంతసేపటికి.

"చెప్పిన గద, బ్రేకు నొక్కు."

గట్టిగా నొక్కాడు. ఇద్దరం ముందుకు తూలాం. నేను గబుక్కున ఆయన మెడవైపు చెయ్యి చాచాను. బాపు మెడ తడుముకుని, ఏమీ కాలేదని చెయ్యి ఊపి, మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు.

"ఇంకొకపారి పోదాం," అన్నాడు. "ఈపారి జర మెల్లగ ఆపుత."